69 జీబీ ఎవడు మింగిండు?

దసరాకి రామన్నపేట వెళ్తే మా మేనమామ బ్యాగు కింద పెట్టకముందే పట్టుకున్నాడు. పెళ్లిళ్లకి ఫోటోలు, వీడియోలు తీస్తాడాయన. కొత్తగా 1 టీబీ హార్డ్ డిస్కు కొన్నాడట.

"అల్లుడా, డబ్బా మీద వెయ్యి జీబీ లెక్క. కంప్యూటర్ల పెడితే 931 సూపిస్తుంది. తక్కిన 69 ఎవడు మింగిండు? దుకాణపోణ్ని అడిగితే ఎప్పుడైనా కొంచెం తక్కువే సూపిస్తది అంటుండు. పెట్రోల్ బంకుల గిట్లంటే ఊకుంటమా?"

ఊరుకోం. మరి సాఫ్ట్‌వేర్ వాళ్లమై ఉండి మనమెందుకు ఊరుకున్నాం?

నిజానికి ఎవడూ మింగలేదు. డిస్కు వాడి లెక్కలో జీబీ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024ని మూడుసార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే 107,37,41,824. లక్ష కోట్ల బైట్లని దాంతో భాగిస్తే 931 చిల్లర. పూలు అవే, మూర వేసిన చెయ్యి వేరు. (పాత 1.44 ఫ్లాపీ అయితే మరీ ఘోరం. అందులో ఎంబీ అంటే వెయ్యిని 1024తో హెచ్చించినది!)

చాలామంది డిస్కు కంపెనీలని తిడతారు. అమెరికాలో దావాలు కూడా వేశారు, వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో రాజీ పడ్డాయి. నా ఓటు మాత్రం కంపెనీలకే. ర్యామ్‌లో అడ్రస్ లైను ఒకటి పెరిగితే సైజు రెట్టింపవుతుంది కాబట్టి 1024కి అర్థముంది. డిస్కుకి ఆ అవసరమే లేదు. పైగా 1024 లెక్కకి వేరే పేరుండాలని 1998లోనే ఐఈసీ కిబి, మెబి, గిబి అని పెట్టింది. యాపిల్ 2009లో స్నో లెపర్డ్‌తో వెయ్యి లెక్కకి వచ్చేసింది. విండోస్ మాత్రం ఇప్పటికీ గిబి లెక్క వేసి పక్కన జీబీ అని రాస్తుంది. తప్పు అక్కడుంది.

"ఏడు శాతానికి ఇంత రచ్చా?" అంటారేమో. అసలు గొడవ ఆ ఏడు శాతం కాదండీ. పోయినేడు మామ ఆన్‌లైన్లో చవగ్గా "2 టీబీ" పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాడు. అది నిండుగా 2 టీబీ చూపించింది. రెండు లక్షల కోట్ల బైట్లున్న అసలు సరుకైతే విండోస్‌లో 1.81 చూపించాలి! లోపల ఉన్నది కొద్దిపాటి చిప్పు, కంట్రోలర్ అబద్ధం చెబుతోంది. నిజం చెప్పే డిస్కు తక్కువ చూపించి, దొంగది నిండుగా చూపిస్తే మామ దేన్ని నమ్మాలి? "కొంచెం తక్కువే చూపిస్తది" అని జనాలకి నేర్పింది మనమే. ఎంత తక్కువో, ఎందుకో చెప్పలేదు.

ప్రాపర్టీస్ తెరిచి బైట్ల సంఖ్య చూపించా. లక్ష కోట్ల పైనే ఉంది. మామ ఒక్కో సున్నా వేలితో లెక్కబెట్టి "సరే, దుకాణపోడు మంచోడే" అన్నాడు. కొత్త పెన్‌డ్రైవ్ కొంటే ముందు ఎఫ్3తోనో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతోనో మొత్తం నింపి, తిరిగి చదివించి చూడమన్నా.

తర్వాత ఆ 2 టీబీ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. వెల్లంకి వాళ్ల పెళ్లి వీడియో అందులోనే ఉందట. ఎదుర్కోళ్ల దాకా తెరుచుకుంది. తలంబ్రాల ఫైళ్లు పేర్లు మాత్రమే కనబడుతున్నాయి.