టిన్‌టిన్ బీరువాలోనే ఉండాలా?

మన లైబ్రరీ బీరువాలో టిన్‌టిన్ ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. బొమ్మల పుస్తకం చదువు కాదంటారు. నేనొప్పుకోను. బెల్జియం దేశపాయన హెర్జే వేసినవి ఇవి. 1932 నాటి 'టిన్‌టిన్ ఇన్ అమెరికా'లో ఆదివాసుల నేలలో చమురు పడుతుంది. వాళ్ల పెద్దకి 25 డాలర్లిచ్చి అరగంటలో ఖాళీ చెయ్యమంటారు. సిపాయిలు తుపాకులతో తోలేస్తారు. తెల్లారేసరికి అక్కడ పట్నం! ఆ పేజీకి ఇంగ్లీషు అక్కర్లేదు. ఒక్కక్షరం రాని మా తాతకి చూపించినా అర్థమవుద్ది.

కాంగో పుస్తకంలో మాత్రం అదే హెర్జే నల్లవాళ్లని తెలివిలేనోళ్లుగా వేశాడు. ఆయన కాంగో వెళ్లనే లేదు! చాలా కోపమొచ్చింది. అయినా దాన్నీ దాచొద్దు. మనలాంటోళ్లని ఎలా వేస్తారో మనమే చూడాలి కదా.

వార్డెన్ మేడమ్ గారూ, ఆదివారం ఒక గంట తాళం తియ్యండి. చేతులు కడుక్కునే ముట్టుకుంటాం.