అలసిన చేయి

నాగటి కఱ్ఱు అరిగినచో రైతు దానిని కమ్మరి యొద్దకు గొనిపోవును. ఎద్దు కుంటినచో కాడి దింపును. తన చేయి నొచ్చినచో మాత్రము ‘అదే పోవునులే’ యని మరల పనిలో దిగును. చేయి చెడుటకు దెబ్బయే తగులనక్కరలేదు. ఒకే కదలిక, ఎడము లేక, వేలమార్లు జరిగినను చాలును.

వ్రేళ్ళను ముడుచు కండరములలో పెక్కు ముంజేతియందున్నవి. వానినుండి సన్నని త్రాళ్ళవంటి స్నాయుబంధకములు బయలుదేరి, మణికట్టునందలి ఇరుకైన దారిగుండ వ్రేళ్ళకు చేరును. ముంజేతిపై రెండవ చేయి నుంచి వ్రేళ్ళు ముడిచి చాచినచో ఆ కదలిక తెలియును. ఎడతెగని పనిచే ఈ త్రాళ్ళ చుట్టునున్న పొరలు ఉబ్బినపుడు, అదే దారిని పోవు నాడి నలిగి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కును. ఆ తిమ్మిరి రాత్రివేళ నిద్ర లేపుటయు కద్దు.

ఇది క్రొత్త బాధ కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీనీ వృత్తులవలన కలుగు రోగములను గూర్చి 1700లో గ్రంథము ప్రకటించెను. 1713లో దానిని పెంచినపుడు వ్రాయసగాండ్ర బాధను చేర్చెను. కదలక కూర్చుండుట, చేతిని ఒకే తీరున ఆడించుట, తప్పు దొరలునేమో యను మనోవ్యాకులత దానికి కారణములనెను. కుడిచేయి పడిపోయిన లేఖరి యొకడు ఎడమచేతితో వ్రాయ నేర్చెననియు, ఆ చేయియు చెడెననియు తెలిపెను. ఎడమచేతికిని అతడు విరామ మీయలేదు కాబోలు!

2004లో సచిన్ తెండూల్కర్ మోచేతి నొప్పిచే కొంతకాలము ఆటకు దూరమయ్యెను. 2005లో శస్త్రచికిత్స చేయించుకొనెను. అతనిని సోమరి యనుట ఎవరికిని తోచదు. బీడీలు చుట్టు తల్లి చేయి నొచ్చుచున్నదని చెప్పినచో వినువా రెవరు? ఆమెకు కూలి వేయి బీడీల లెక్కను ముట్టును. చేయి ఆపినంతసేపు కూలియు ఆగును. ఆమెకు విశ్రాంతి నుపదేశించుట సులభము. ఆ విశ్రాంతికిని కూలి లెక్కగట్టుట న్యాయము.

బడిలోను ఒక అన్యాయము కలదు. తప్పు వ్రాసిన బాలునిచే అదే వాక్యమును నూరుమార్లు వ్రాయింతురు. ఏబదవ మారునకు బుద్ధి నిద్రించును. చేయి మాత్రము శిక్ష ననుభవించును. పదిమార్లు శ్రద్ధగా వ్రాయించిన చాలదా?

కలమును బిగించి పట్టరాదు. వ్రాయునపుడు మణికట్టు వంగక ముంజేతితో వరుసగా నుండవలెను. అరగంట కొకమారు కలము దించి, చేతులు వ్రేలాడవిడిచి నాలుగడుగులు నడువవలెను. ఫోనుపై ఒక్క బొటనవ్రేలినే ఆడించువారికిని ఇదే నియమము. విశ్రాంతిచే తగ్గని నొప్పిని, పట్టు తప్పించు తిమ్మిరిని వెంటనే వైద్యునికి చూపవలెను. తైలము రుద్దుకొనుచు నెలలు గడపరాదు.