చీకటి పెద్దమందడిలో ఉంది, టెలిస్కోపు ఏదీ?

షాబాన్ 29న మగ్రిబ్ వేళ రంజాన్ నెలవంక కోసం మిద్దెలెక్కని ముస్లిం ఇల్లు అరుదు. ఆ సాయంత్రం దాటితే మళ్లీ ఆకాశం వైపు చూసేవాళ్లు తక్కువే.

మన దగ్గర ఆధునిక ఖగోళ పరిశోధన మొదలైంది ఒక నవాబు సొంత డబ్బుతో. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో అబ్జర్వేటరీ పెట్టారు. 1908లో దాన్ని నిజాం సర్కారు తీసుకుంది, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. అదే బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ. తర్వాత నగరానికి దూరంగా, రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల టెలిస్కోపు వచ్చింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచే పరిశీలించారు.

ఇప్పుడు నగరం వెలుతురు అటువైపూ పాకుతోంది. చీకటి మిగిలింది వనపర్తి జిల్లా పెద్దమందడి లాంటి చోట్ల. నక్షత్రాలు చూడటం రాత్రి పని. అందుకోసం ఆడపిల్లను హైదరాబాద్ పంపే ఇళ్లు ఎన్ని? పిల్లలు అక్కడికి వెళ్లలేనప్పుడు యూనివర్సిటీయే ఊరికి రావాలి. దీనికి పెద్ద బడ్జెట్ ఏం అక్కర్లేదు. 4 అంగుళాల టెలిస్కోపులోనూ శని వలయాలు, గురుడి నాలుగు చందమామలు కనిపిస్తాయి. ఒక జీపు, ఇద్దరు పీజీ విద్యార్థులు, వానలు తగ్గాక అమావాస్య దగ్గరి ఒక శనివారం, సర్కారు బడి మైదానం. ఉర్దూలో చెప్పగలిగేవాళ్లు ఒకరుంటే అమ్మీలు, దాదీలు కూడా వస్తారు.