కబాబు నచ్చింది, కాపురం నచ్చలేదు

2024 ఏప్రిల్‌లో జర్మనీ అధ్యక్షుడు ఫ్రాంక్ వాల్టర్ స్టైన్‌మయర్ టర్కీ పర్యటనకు వెళుతూ బెర్లిన్ నుంచి 60 కిలోల కబాబు మాంసాన్ని విమానంలో వెంట తీసుకుపోయారు. బెర్లిన్‌లో కబాబు దుకాణం నడుపుకుంటున్న టర్కీ సంతతి వ్యాపారి ఒకరు కూడా ఆ బృందంలో వున్నారు. ఇస్తాంబుల్ విందులో అధ్యక్షుడే స్వయంగా కత్తి పట్టుకుని మాంసం చెక్కారు. స్నేహభావంతో చేసిన పనే కావచ్చు. కాని జర్మనీలోని టర్కీవారిలో చాలామందికి అది మింగుడు పడలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆ దేశపు గనుల్లో, కార్ల ఫ్యాక్టరీల్లో చెమటోడ్చి, డాక్టర్లుగా, మంత్రులుగా కూడా ఎదిగినవారిని గురించి చెప్పుకోవడానికి కబాబు తప్ప మరొకటి దొరకలేదా అని వారు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

ఈ కథ 1961లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. తూర్పు నుంచి వచ్చే కూలీలు ఆగిపోయారు. పశ్చిమ జర్మనీ ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చి, అక్టోబరు 30న టర్కీతో ఒప్పందం కుదిరింది. ఇస్తాంబుల్‌లో జర్మన్ డాక్టర్లు వరసగా నిలబెట్టి పరీక్షలు చేసేవారు. సంతలో ఎద్దును కొనేవాడు పళ్ళు చూసినట్టే, అక్కడ కూడా నోరు తెరిపించి పళ్ళు చూశారు. నెగ్గినవారిని సిర్కెజీ స్టేషన్లో రైలెక్కిస్తే, రెండుమూడు రోజుల ప్రయాణం తర్వాత మ్యూనిక్ స్టేషన్ 11వ నంబరు ప్లాట్‌ఫారం మీద దిగేవారు. ఆడవారు కూడా ఒంటరిగా వచ్చి బెర్లిన్ ఎలక్ట్రికల్ ఫ్యాక్టరీల్లో చేరారు. వీరికి పెట్టిన పేరు 'అతిథి కార్మికులు'. రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోవాలి, వారి స్థానంలో కొత్తవారు రావాలి అన్నది మొదటి షరతు. పని నేర్చిన మనిషిని పంపించి, రానివాణ్ణి తెచ్చుకోవడం నష్టమని యజమానులే మొర పెట్టుకోగా 1964లో ఆ షరతు తీసేశారు. అంటే దయతో కాదు, లెక్క చూసుకునే.

హాస్టలు గదుల్లో ఇరుకు మంచాలు, అందరికీ కలిపి ఒకటే వంటగది. క్యాంటీన్లో పెట్టే కూరలో పంది మాంసం వున్నదేమోనన్న శంక ఒకటి. కావలసిన వంకాయ లేదు, మిరపకాయ లేదు, ఆలివ్ కాయ లేదు. సెలవులకు ఊరు వెళ్ళినవారు ఎండు మిరప, గోధుమ రవ్వ, జున్ను మూటగట్టుకు వచ్చేవారు. గల్ఫ్ నుంచి వచ్చి పోయే మనవాళ్ళ సంచుల్లో పచ్చడి సీసాలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాత కుటుంబాలు వచ్చాయి. కుటుంబం వస్తే పొయ్యి వస్తుంది, పొయ్యి వస్తే వీధి మారుతుంది. బెర్లిన్ క్రొయిట్స్‌బర్గ్ పేటలో, గోడ పక్కన ఎవరూ వుండటానికి ఇష్టపడని పాత ఇళ్ళల్లో వీరు చేరారు. ఆ పేట అంచున కాలువగట్టు మీద మంగళవారం, శుక్రవారం సంత జరుగుతుంది. వంకాయల గుట్టలు, కొత్తిమీర కట్టలు, అరువు గొంతుకలా కాక నిండుగా అరిచే బేరగాళ్ళు. సన్నటి కర్రతో కాగితంలా పలచగా పిండి వత్తి, లోపల పాలకూర, జున్ను పెట్టి పెనం మీద కాల్చే రొట్టె గ్యోజ్‌లెమె. ద్రాక్ష ఆకులో అన్నం చుట్టి ఉడికించేది సర్మా. నువ్వులద్దిన కడియం లాంటి రొట్టె సిమిత్. ఐరాన్ అంటే మరేమీ కాదు, ఉప్పు వేసిన చల్ల. టీ కాచే పద్ధతి వేరు. ఒకదానిపై ఒకటిగా రెండు కెటిళ్ళు పెట్టి, పైదాంట్లో చిక్కటి డికాక్షన్, కిందిదాంట్లో నీళ్ళు మరిగించి, నడుము సన్నగా వున్న చిన్న గాజు గ్లాసులో కలిపి ఇస్తారు. పాలు పొయ్యరు. మన చాయ్‌కి అలవాటు పడినవారికి అది నచ్చకపోవచ్చును గాని, వచ్చినవాడికి గ్లాసు ఇవ్వకుండా మాట మొదలుపెట్టరనే మర్యాద మాత్రం ఇక్కడివారికీ తెలిసినదే.

ఆ రోజుల్లో గోడ కట్టినప్పుడు వంకర వల్ల తూర్పు జర్మనీకి చెందిన చిన్న ముక్క నేల గోడకు పడమటి పక్క మిగిలిపోయింది. చెత్త పోసుకుంటున్న ఆ ముక్కను ఉస్మాన్ కలిన్ అనే రిటైరైన టర్కీ కార్మికుడు 1980లలో బాగుచేసి ఉల్లి, వెల్లుల్లి వేశాడు. తూర్పు సైనికులు వచ్చి అడిగారు. చివరికి వుండనిచ్చారు. రైతుకు బీడు కనపడితే చేతులూరుకోవు కదా. ఆయన 2018లో పోయాడు గాని, అక్కడ కట్టుకున్న గుడిసెను చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు.

ఇక కబాబు సంగతి. నిలువు ఊచకు పొరలు పొరలుగా మాంసం గుచ్చి, పక్క నుంచి సెగ తగిలేలా తిప్పుతూ, కాలిన పైపొరను చెక్కి ఇచ్చేది డోనర్. మన పట్టణాల్లో అమ్మే షవర్మా దీని వంశమే, ఆ పేరు కూడా 'తిప్పడం' అనే టర్కీ మాట నుంచి వచ్చినదే. టర్కీలో దీన్ని పళ్ళెంలో తినేవారు. 1972లో కదిర్ నూర్మన్ అనే కార్మికుడు బెర్లిన్ జూ స్టేషన్ దగ్గర, పరుగులో వున్న జర్మన్ల కోసం రొట్టె మధ్యలో పెట్టి అమ్మాడని చెబుతారు. తామే ముందన్నవారు మరికొందరు వున్నారు. ఆ మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చి, 1973 నవంబరులో ప్రభుత్వం కార్మికుల్ని తీసుకోవడం ఆపేసింది. ఫ్యాక్టరీలు మనుషుల్ని తగ్గించాయి. పని పోయినవారికి కబాబు బండి అన్నం పెట్టింది. జర్మన్ల నాలుకకు తగ్గట్టు క్యాబేజీ తరుగు, తెల్లటి సాసు చేరాయి.

అలా తిండి లోపలికి వచ్చింది. మనిషి గడప దగ్గరే నిలబడ్డాడు. 1982లో ఛాన్సలర్ హెల్ముట్ కోల్, టర్కీవారి సంఖ్యను సగానికి తగ్గించాలనుకుంటున్నట్టు మార్గరెట్ థాచర్‌తో చెప్పిన సంగతి రహస్య పత్రాలు బయటపడ్డాక 2013లో లోకానికి తెలిసింది. 1983లో తిరిగి వెళ్ళేవారికి 10,500 మార్కులు ఇస్తామని చట్టమే చేశారు. కూరలో కరివేపాకు అంటే ఇదే. 1992లో మ్యోల్న్‌లో, 1993లో సోలింగెన్‌లో టర్కీవారి ఇళ్ళకు నిప్పు పెడితే ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు చనిపోయారు.

అన్నిటికంటే సిగ్గుపడవలసినది ఆ తర్వాతది. 2000, 2006 మధ్య తొమ్మిది మంది వలసవారిని ఒకే పిస్తోలుతో కాల్చి చంపారు. ఎనిమిది మంది టర్కీ మూలాలవారు, ఒకరు గ్రీకు. అందులో పూలమ్ముకునేవాడు వున్నాడు, దర్జీ వున్నాడు, కూరగాయల కొట్టు వ్యాపారులున్నారు. కబాబు దుకాణంలో చనిపోయినవారు ఇద్దరే. అయినా పత్రికలు 'డోనర్ హత్యలు' అని పేరు పెట్టాయి. పోలీసులు ఏళ్ళ తరబడి చనిపోయినవారి ఇంటివాళ్ళనే అనుమానించారు. హంతకులు నాజీ ముఠా అని 2011లో గాని బయటపడలేదు. ఆ పేరును ఆ ఏటి అతి హీనమైన మాటగా జర్మన్ భాషావేత్తలే ఎంచారు. చచ్చినవాడికి పేరు కూడా మిగల్చకుండా తిండి పేరు తగిలించిన పత్రికలు, ప్రతిరోజూ మధ్యాహ్నం ఆ తిండే తిన్న విలేఖరులవి.

2024లో టర్కీ సంస్థ ఒకటి డోనర్ ఎలా చెయ్యాలో యూరప్ మొత్తానికి నియమం పెట్టాలని దరఖాస్తు చేస్తే, జర్మనీ అభ్యంతరం చెప్పింది. డోనర్ జర్మనీదేనన్న అప్పటి వ్యవసాయ మంత్రి చెమ్ ఓజ్దెమిర్ టర్కీ కార్మికుల కొడుకే. 2025లో ఆ దరఖాస్తు వెనక్కి పోయింది. అదే 2024 జూన్‌లో, టర్కీ పౌరసత్వం వదలకుండానే జర్మన్ పౌరసత్వం పొందే హక్కు వచ్చింది. మొదటి తరం కార్మికులకు రాత పరీక్ష లేదు, మాట్లాడగలిగితే చాలు. మంచి చట్టమే. కాని 1961లో పాతికేళ్ళ వయసులో రైలెక్కినవాడికి అప్పటికి 88 ఏళ్ళు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళినవారికి ఎన్నేళ్ళు చేసినా అలాంటి ఆశ లేదన్నది తెలిసినదే. అది పరాయి దేశాల సంగతి. ఇక్కడి సంగతి చూస్తే, 2020 మే 8న లాక్‌డౌన్ మధ్యలో బీహార్ ఖగారియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలతో ప్రత్యేక రైలు లింగంపల్లికి వచ్చింది. వడ్ల బస్తాలు ఎత్తేవారు లేక మన రైస్ మిల్లులు ఆగిపోయే పరిస్థితి వచ్చినందునే ఆ రైలు వచ్చింది. సీజను తర్వాత సీజను వస్తున్న ఈ మనుషుల్లో కొందరు భార్యాపిల్లలతో మిల్లు షెడ్లలోనే వుంటున్నారు. ఆ పిల్లలు ఎందరు, ఏ బడికి పోతున్నారు, ఏ భాషలో చదువుతున్నారు అనే లెక్కను గ్రామ పంచాయతీలు, మండల విద్యాధికారులు వచ్చే కోతల్లోపల తీయవలసి వున్నది.