నాలవ పాలు



తాడేపల్లిగూడెమునుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినది: "పురాణము వినునప్పుడు కన్నులు చెమర్చును. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించిన తోడనే ఆ కథ యెక్కడికో పోవును. సావిత్రియు దమయంతియు రాజపుత్రికలు. వారి కథలలో మావంటివారికి దొరకునది యేమి?" ఈ ప్రశ్న మనలో చాలమంది మనసులలో నున్నదే. దీనికి పండితులవలె సమాధానము చెప్పుట మావలన గాదు. మా యింట మేము చేసిన యొక తప్పును, ఆ తప్పును మాకు చూపిన యొక కథను చెప్పెదము.

కథ మీరెరిగినదే. ధర్మరాజు అశ్వమేధయాగము ముగిసిన వేళ, శరీరమున నొకవైపు బంగారమైన ముంగిస యొకటి యాగశాలకు వచ్చినది. ఈ యాగమంతయు కురుక్షేత్రమున నొక పేద బ్రాహ్మణుడిచ్చిన ప్రస్థమెత్తు పేలపిండికి సాటిరాదని పలికినది. ఆ బ్రాహ్మణుడు కోసిన చేలలో రాలిన గింజలేరుకొని బ్రదుకువాడు. ఇంట భార్య, కొడుకు, కోడలు. కరవుకాలమున నొకనాడు వారికి ప్రస్థమెత్తు యవలు దొరికెను. వానిని పిండిచేసి నాలుగు పాళ్లుగా పంచుకొని తినబోవు సమయమున అతిథి వచ్చెను. గృహస్థు తన పాలు పెట్టెను, అతిథి యాకలి తీరలేదు. భార్య పాలు, కొడుకు పాలు, తుదకు కోడలి పాలును పెట్టిరి. వచ్చినవాడు ధర్మదేవత. నలుగురును స్వర్గమునకేగిరి. నేలరాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగము మేను బంగారమైనది. మిగిలిన సగము ధర్మరాజు యాగశాలలోనైన బంగారమగునేమో యని వచ్చి, కానందున నవ్వినది.

వ్యాసభారతమున నిది ఆశ్వమేధిక పర్వమునందున్నది. ఆ పర్వమును మనకు తెలుగుచేసినవాడు తిక్కన సోమయాజి. మనవారు ఆ గృహస్థుని సక్తుప్రస్థుడని పిలుతురు. సక్తువనగా పేలపిండి, ప్రస్థమనగా నొక కొలత. ఆ పిండి కొలతయే ఆయనకు పేరైనది. ఆయన భార్యకును కోడలికిని ఆపాటి పేరైనను లేదు.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెము ప్రాంతము. బడికి పంపుటకంటె ముందే మా తండ్రిగారు సాయంకాలములందు అరుగుమీద కూర్చుండబెట్టుకొని భారతము చెప్పెడివారు. అప్పుడు మాకీ కథలో ముంగిస తప్ప మరెవ్వరును కనబడలేదు. తొలి యేకాదశినాడు మా నాయనమ్మగారు పేలాలు విసరి బెల్లము కలుపుచుండగా, చేతికంటిన పిండిని చెక్కిలికి రాచుకొని బంగారమైనదేమో యని అద్దమున జూచుకొంటిమి. పెండ్లియై ఏలూరు వచ్చిన క్రొత్తలో కోడలు కనబడినది. ఆ సాధ్వివలె మేమును మా పాలు ఇచ్చివేసి అందరిచేత మెప్పు పొందవలెనని యుండెడిది. ఇపుడు ముప్పది దాటినవి. ఇల్లు మా చేతిమీద నడచుచున్నది. ఈ వయసున కథలో మా చోటెక్కడనో చూచుకొనవలెనని మాకు తోచలేదు. కొల్లేటి వరద దానిని తోపించినది.

2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి మీరెరుగుదురు. ఆ నీరు తుదకు చేరునది మన కొల్లేటికే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మున్నగు ఏరులన్నియు కొల్లేటిలో పడును. కొల్లేటినుండి సముద్రమునకు పోవు దారి మాత్రము ఉప్పుటేరొక్కటియే. చేపల చెరువుల గట్లు సరస్సును ఇరుకుచేసినవి. 2006లో ప్రభుత్వము చాల గట్లను కొట్టించినది గాని, ఆ యిరుకు పూర్తిగా తీరలేదు. వచ్చిన నీటికి చోటు చాలనప్పుడు అది లంకగ్రామములపై కెక్కును. ఆ దినములలో ఏలూరునుండి కైకలూరు పోవు దారిమీద నీరు నిలిచి రాకపోకలాగినవి. మా అత్తవారి వైపు చుట్టములైదుగురు లంకలో ఇల్లు విడిచి, మోకాలిలోతు నీట కొంతదూరము నడచి, రాత్రి పదిగంటలకు మా గడప త్రొక్కిరి.

వారు మా యింట నాలుగు దినములుండిరి. మేము చేయవలసినది చేసితిమి. పొడిబట్టలిచ్చితిమి, పడకలు వేసితిమి, వేళకు వండి వడ్డించితిమి. ఇరుగుపొరుగువారు మా మాస్టారుగారితో, "మీ ఇల్లాలు అన్నపూర్ణయండీ" అనిరి. ఆ మాట మా చెవిని బడినది. సక్తుప్రస్థుని కథ మాకే జ్ఞప్తికి వచ్చి, లోలోపల సంతోషించితిమి. సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

ఇక తప్పు సంగతి. మా మరది భార్యకు అప్పుడు అయిదునెలల చంటిబిడ్డ. మొదటి రాత్రి ఆడువారికై యుంచిన అన్నమును అతిథులకు వడ్డించితిమి. అడుగున మిగిలినదానిలో అత్తగారును మేమును కొంచెము తింటిమి. ఆమెను పిలువగా, "నాకాకలి లేదక్కయ్యా" అన్నది. సరేయని గిన్నెలెత్తితిమి. రెండవ రాత్రియు అట్లే జరిగినది. మూడవ రాత్రి మజ్జిగ త్రాగి పడుకొన్నది. బియ్యము లేక కాదు. డబ్బాలో బియ్యమున్నవి, పొయ్యియు నున్నది. ఆ వేళ మరల ఎసరు పెట్టుటకు మాకు ఓపిక లేకపోయినది. ఆమె లేదన్న మాట మాకు సుఖముగా నుండెను, కావున నమ్మితిమి. ఆ రాత్రులు బిడ్డ పాలు చాలక యేడ్చుచుండగా, క్రొత్తవారిని జూచి బెదరినదని అందరమును అనుకొంటిమి.

ఆ యేటి కార్తికమాసమున మా వీథి స్త్రీలు మధ్యాహ్నములందు మా యింట చేరి పురాణము చదువుకొనుచుండిరి. ఒకనాడు అన్నదాన మహిమ చెప్పుమని యడుగగా, మేము ఉత్సాహముతో ఈ కథనే తీసితిమి. కథ నోటికి వచ్చినదే యైనను, ఆనాడు గ్రంథము తెరచి చదివి అర్థము చెప్పుచుంటిమి. నోటితో చెప్పునప్పుడు మేమెన్నడును విడిచిపెట్టు భాగమొకటి గ్రంథమున నున్నది. అచ్చట మా గొంతు ఆగిపోయినది.

ఆ భాగమిది. భార్య తన పాలు ఇమ్మన్నప్పుడు గృహస్థు వెంటనే చేయి చాపలేదు. ఆమె వంక జూచెను. ముదుసలి, ఆకలిచే వణకుచున్నది, ఎముకలపై చర్మము మాత్రము మిగిలినది. పురుగులును మృగములును సైతము తమ ఆడువానిని పోషించుకొనునే, నీ కూడు నేనెట్లు తీసికొందునని యనెను. అందులకామె, ధర్మమును అర్థమును మనకిద్దరికిని ఉమ్మడివి గదా, నా పాలును తీసికొమ్మని వాదించి యొప్పించినది. కొడుకు విషయమునను తండ్రి వెనుదీసెను. కోడలు ముందుకు వచ్చినప్పుడు ఆ మామగారు మరింత బాధపడెను. ఎండకును గాలికిని వాడిపోయితివి, ఆకలిచే సోలుచున్నావు, నీ పాలు నేనెట్లు గ్రహింతునని యనెను. ఆమె తన మనసును విప్పి చెప్పిన పిమ్మటనే గ్రహించెను.

చూచితిరా? ఆ యింట మూడుమార్లు ఒకరు ఇత్తుమనిరి, మూడుమార్లును ఇంటి పెద్ద వలదనెను. ఇచ్చువారి ముఖము చూడక పుచ్చుకొన్న పాలు ఆ పిండిలో ఒక్కటియు లేదు. ముంగిస మేనిని బంగారము చేసినది అతిథి తినగా రాలిన పిండి మాత్రమేనా? ఆ నలుగురును ఒకరి ముఖము నొకరు చూచుకొన్న చూపుగూడ అందులో కలిసియున్నదని మా నమ్మకము. మేము ఆ పెద్ద చోట కూర్చుండి గర్వించితిమి. ఆయన చూచెను, మేము చూడలేదు. ఆయన వలదనెను, మేము సరేయంటిమి. మా యింట పెట్టినది అన్నదానమే కావచ్చును. అందులో నాలవ పాలు మాత్రము దానము గాదు, అడుగక తీసికొన్నది.

ఆ సాయంకాలము మా తోడికోడలిని పెరటిలోనికి పిలిచి, వరద దినములలో నిజముగా ఆకలి లేకుండెనా యని యడిగితిమి. ఆమె నవ్వి, కొంతసేపూరకుండి, "ఆకలి లేదంటిని గాని, మీరు మరొక్కమారు అడుగుదురని గిన్నె కడుగక నిలుచుంటినక్కయ్యా" అన్నది. ఆ మాటకు మేమేమని బదులు చెప్పుదుము? నాటినుండి మా యింట ఒక చిన్న యేర్పాటు జరిగినది. రాత్రి వడ్డన ముగియకమునుపే ఆడువారి అన్నము వేరు గిన్నెలోనికి తీసి మూతపెట్టుదుము. అతిథులు వచ్చినచో మరల ఎసరు పెట్టుదుము. ఎవరైన ఆకలి లేదన్నచో రెండవమారు అడుగుదుము. అడుగునప్పుడు గిన్నె వంక గాక, ముఖము వంక చూతుము.

ఈ సంగతి మా మధ్యాహ్నపు గోష్ఠిలో చెప్పగా అందరును ఒకే రీతిని గ్రహింపలేదు. ఒకామె, పురాణములిట్టివి చెప్పియే ఆడువారిని పస్తులుంచినవని కోపపడినది. ఆమె కోపమును త్రోసివేయజాలము. కోడలు తన పాలిచ్చినదను ముక్కను మాత్రము చెప్పి, మామగారు వెనుదీసిన ముక్కను మ్రింగివేసినచో కథ అట్టి పనికే యుపయోగపడును. మేమును ఇన్నియేండ్లు అట్లే చెప్పుచు వచ్చితిమి. వేరొక వృద్ధురాలు అక్షయపాత్ర కథను తలపునకు తెచ్చినది. సూర్యుడిచ్చిన ఆ పాత్ర, ద్రౌపది భుజించువరకే అన్నమిచ్చునని గదా నియమము. "ఆమె కడపట తినవలెనని మనకందరును చెప్పిరి. ఆమెయు తిననిదే ఆ పూట ముగియదని మాత్రము ఎవ్వరును చెప్పలేదు" అని ఆ పెద్దమ్మగారు అనిరి. ఆమె బడికి పోయినది గాదు. డెబ్బదియేండ్లు అందరికంటె వెనుక తిన్న మనిషి. ఆ యర్థము ఆమెకు తట్టుట మాకు వింతగా తోచలేదు.

తాడేపల్లిగూడెపు సోదరీ, మీ ప్రశ్నకు మా సమాధానమిదియే. కథలోని అర్థము పౌరాణికుని నోట ముగిసిపోవునది గాదు. ఆయన చెప్పినది విని, ఇంటికి వచ్చి, ఆ కథలో నేనెవ్వరినని యడుగుకొనవలెను. మనకిష్టమైన చోట కూర్చుండుట సులువు. అందరమును దాతలము, అందరమును సాధ్వులము. మనమెవ్వరి చోట కూర్చుండుటకు ఇష్టపడమో, ఆ చోటును ఒక్కమారు చూచి రావలెను. అక్కడనే మనకు చెందిన మాట యుండును. ఏడేండ్లకు ముంగిసయైన మేము, ఇరువదియేండ్లకు కోడలమైతిమి. ముప్పది దాటిన పిమ్మట, వలదనవలసిన చోట వలదనని పెద్దలమైతిమి. కథ మారలేదు, మా చోటు మారినది.

మరియొక మాట. వీలైనచో కథను గ్రంథమున మీరే చదువుకొనుడు. 1902లో మన ఏలూరునందే హిందూసుందరి యను స్త్రీల మాసపత్రిక వెలువడినది. అందు వ్రాసినవారిలో భండారు అచ్చమాంబగారొకరు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొనుచుండగా ఆయన ప్రక్కనుండి తానును చదువు నేర్చి, అబలాసచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమున స్త్రీల చరిత్రములను కూర్చినదామె. అట్టివారు కష్టపడి సంపాదించియిచ్చిన అక్షరములు మన చేతిలో నున్నవి. చెప్పువారు విడిచిపెట్టిన ముక్క గ్రంథమున నుండవచ్చును. మనకు కావలసినది ఆ ముక్కయే కావచ్చును.

ఈ మాసమున మీకు తెలిసిన కథనొకదానిని తీసికొని, అందులో పేరులేని మనిషి నొకరిని వెదకుడు. ఆమె చోట కొంతసేపు నిలుచుండి చూడుడు. మీకేమి కనబడినదో మాకు వ్రాయుడు. ఈ లోపల, నేటి రాత్రి మీ యింట ఎవరైన "నాకాకలి లేదు" అన్నచో, దయయుంచి రెండవమారు అడుగుడు.