గోడ ఎక్కితేనే ఓరుగల్లు

వారం వారం - బాటసారి

ఖిలా వరంగల్‌కు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది కోటను చూడకుండానే వెళ్లిపోతారు. బండి నేరుగా మధ్యకోటకు వచ్చి ఆగుతుంది. టికెట్లు తీసుకుంటారు, కీర్తి తోరణం కింద నిలబడి నాలుగు ఫొటోలు దిగుతారు, విరిగిపడ్డ శిల్పాల మధ్య ఓ చుట్టు తిరుగుతారు, ఖుష్ మహల్‌లోకి తొంగి చూస్తారు. పిల్లలు మారాం చేస్తే ఏకశిల గుట్ట దగ్గర కాసేపు ఆగుతారు. సాయంత్రం దాకా ఉన్నవాళ్లకు సౌండ్ అండ్ లైట్ షో. ఇంటికెళ్లి "వరంగల్ కోట చూసొచ్చాం" అంటారు. చూసింది స్వయంభూ శివాలయం కూలిపోగా మిగిలిన నాలుగు వాకిళ్లను. అవి గొప్పవే, ఎవరు కాదన్నారు? కానీ కోటంటే గోడ కదా. ఆ గోడను వాళ్లు వచ్చేటప్పుడోసారి, పోయేటప్పుడోసారి దాటారు. దాటుతున్న సంగతి కూడా గమనించి ఉండరు.

వాళ్లననీ లాభం లేదు. గోడ చూడమని చెప్పే నాథుడు లేడు. గైడ్లు కోహినూరు వజ్రం గురించి చెప్తారు, వెయ్యి స్తంభాల గుడి దాకా ఉందనే సొరంగం గురించి చెప్తారు. రెంటికీ గట్టి ఆధారం ఏమీ లేకపోయినా వినేవాళ్లకు ఉత్సాహంగానే ఉంటుంది. గోడమీదికి దారెటు అని మధ్యకోటలో ఒక పెద్దమనిషిని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "గోడ మీద ఏమున్నది సార్, పిచ్చిచెట్లు తప్ప? అన్నీ తోరణాల కాడనే ఉన్నయి" అన్నాడు. పుట్టి పెరిగిన మనిషే అలా అన్నాక హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది?

ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి చూడండి. వరంగల్ రైల్వే స్టేషన్‌కు దక్షిణాన ఎవరో వృత్తలేఖినితో గీసినట్టు రెండు వలయాలు కనిపిస్తాయి. లోపలిది రాతికోట, వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. బయటిది మట్టికోట, వ్యాసం దానికి రెండింతలు, 2.4 కిలోమీటర్లు. రెండింటికీ కందకాలున్నాయి. ఇంకా బయట హనుమకొండను కూడా కలుపుకుంటూ మరో మట్టికట్ట ఉండేది, దాన్ని ఊరు ఎప్పుడో మింగేసింది. కాకతీయుల రాజధానిని హనుమకొండ నుంచి ఇక్కడికి తెచ్చినవాడు గణపతిదేవుడు. ఆయన ఎత్తించిన రాతిగోడను మరింత పెంచి, మట్టికోట కట్టించి, కందకం తవ్వించింది కూతురు రుద్రమదేవి అని చెప్పుకుంటారు.

రాతికోట చుట్టుకొలత నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. రోజూ పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లకు అదో లెక్క కాదు. ఎక్కడ పడితే అక్కడ ఆగుతూ, కూర్చుంటూ, కబుర్లాడుతూ నడిచినా రెండు గంటల్లో చుట్టేయొచ్చు. అంతా చదును నేల. గోల్కొండలోలా బాలాహిస్సార్ దాకా ఎగశ్వాసతో ఎక్కే బాధ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మనూ నాన్ననూ తీసుకెళ్లినా సగం చుట్టు హాయిగా నడుస్తారు.

పడమటి వైపు నుంచి వస్తే మొదట తగిలేది మట్టికోట. రోడ్డు దాన్ని చీల్చుకుని పోతుంది కాబట్టి అదో చెరువుకట్టలా అనిపించి ముందుకు సాగిపోతాం. అక్కడ ఒక నిమిషం ఆగాలి. కందకం తవ్విన మట్టే గోడయింది. రాయి మోయక్కర్లేదు, దూరం నుంచి తేవక్కర్లేదు, ఒక పనికి రెండు ఫలితాలు. రాతిగోడకు పెద్ద గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టికట్టకు తగిలితే అందులోనే కూరుకుపోతుంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం వచ్చిపడ్డప్పుడు ఆ దండయాత్రను గ్రంథస్థం చేసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో కూడా ఈ మట్టిగోడ గట్టిదనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. శత్రువు కవితో పొగిడించుకున్న కట్ట ఇది. దాన్నే ఇవాళ అక్కడక్కడా తవ్వి మట్టి తోలుకుపోతున్నారు. రాయిని దొంగిలిస్తే దొంగతనమంటాం, మట్టిని ఎత్తుకుపోతే ఎవరికీ పట్టదు.

ఆ తర్వాత రాతికోట దర్వాజా. ఇక్కడ బండి దిగి తీరాలి. తిన్నగా లోపలికి పోదామంటే కుదరదు, దారి ఒక్కసారిగా లంబంగా తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది. దూసుకొచ్చే ఏనుగైనా గుర్రమైనా ఆ మలుపులో వేగం తగ్గించాల్సిందే. తగ్గించిన క్షణంలో మూడు పక్కలా గోడల మీదున్నవాళ్ల చేతికి చిక్కుతుంది. ఇప్పుడు అదే మలుపులో పత్తి ట్రాక్టరూ స్కూలు ఆటోలూ హారన్లు మోగించుకుంటూ ఎదురుపడతాయి. ఏడు వందల ఏళ్ల నాటి రక్షణ ఏర్పాటు ట్రాఫిక్ మీద ఇంకా పనిచేస్తూనే ఉంది! దర్వాజాకు తర్వాతి కాలాల్లో చేర్చిన కట్టడాల్లో గుళ్లనుంచి తెచ్చిన చెక్కడపు రాళ్లు కూడా కనిపిస్తాయి. ఎవరి రాళ్లతో ఎవరి గోడ కట్టారో చదువుకోవడానికి అదో పాఠం.

గోడ దగ్గరికి పోయి చేయి పెట్టి చూడండి. సున్నం లేదు, అడుసు లేదు. పై రాయి మూల కాస్త వంకరగా ఉంటే కింది రాయిని ఆ వంకరకే చెక్కి కూర్చోబెట్టారు. కొన్ని రాళ్ల అంచున వేలి మందంలో గుంతలు వరసగా ఉంటాయి. బండను చీల్చడానికి చీలలు దిగగొట్టిన గుంతలవి. వడ్డెర పనివాళ్లు మొన్నమొన్నటి దాకా బండలు చీల్చింది ఇదే పద్ధతిలో. ఈ గోడ కట్టినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ వెతకనక్కర్లేదు, చేతి గుర్తులు ఇక్కడే ఉన్నాయి.

లోపలి వైపు వచ్చాక అసలు వింత. మామూలు కోటల్లో పైకెక్కడానికి ఎక్కడో ఒకచోట మెట్లుంటాయి. ఇక్కడ గోడకు ఆనించి ఏటవాలుగా మట్టికట్ట, దాని మీద గోడ పొడవునా రాతిమెట్లు. క్రికెట్ స్టేడియం గ్యాలరీ లాగా. పొద్దున్నే ఆ మెట్ల మీద కూర్చుంటే మ్యాచ్ మొదలయ్యేలోపు వచ్చిన ప్రేక్షకుడిలా ఉంటుంది మన పరిస్థితి. ఎందుకిన్ని మెట్లంటే, ఏ మూల దాడి జరిగినా సైనికులు ఉన్నచోటు నుంచే పైకి ఉరకడానికి. మెట్ల కోసం పరుగెత్తే పని లేదు. కొన్నిచోట్ల రాళ్లు జారిపోయాయి, కొన్నిచోట్ల సీతాఫలం పొదలు మెట్లను కప్పేశాయి. అయినా గోడ వెంట నాలుగడుగులు వేస్తే ఆ ఆలోచన ఎంత పెద్దదో తెలిసిపోతుంది.

పైకెక్కితే ఓరుగల్లు ఒక్కసారిగా అర్థమవుతుంది. బయట కందకంలో నీళ్లు, గుర్రపుడెక్క, గేదెలు. దాని అవతల పొలాలు, పొలాల చివర పొడవాటి దిబ్బలా మట్టికోట. లోపలికి తిరిగితే ఇళ్ల కప్పులు, వాటి మధ్య తోరణాల తలలు, పక్కన ఏకశిల, ఏటవాలు గోడలతో పెట్టెలా ఖుష్ మహల్. కింద టికెట్ కొని చూసిన నాలుగు తోరణాలు నాలుగు దిక్కులకు ఎందుకున్నాయో, కోట దర్వాజాలూ ఆ నాలుగు దిక్కులకే ఎందుకున్నాయో పైనుంచే తెలుస్తుంది. గుడి మధ్యలో, దాని చుట్టూ ఊరు, ఊరి చుట్టూ రాయి, రాతి చుట్టూ మట్టి. గోడ మీద 45 బురుజులు లెక్కపెట్టారు. ప్రతాపరుద్ర చరిత్రము మాత్రం 77 బురుజులనీ, 77 మంది నాయకులు తలా ఒక బురుజు కాచారనీ అంటుంది. మన చరిత్రకారులు ఆ తేడా గురించి వాదులాడుకోనీ. నేనైతే నడిచేటప్పుడు ఒక్కో బురుజుకు ఒక్కో నాయకుణ్ణి కాపలా పెట్టుకుంటూ పోతాను, దూరం తెలియదు.

ఊరంతా నడుస్తూ చూడటమన్నది మనకు కొత్త సంగతి కాదు. ఓరుగల్లునే అలా చూపించిన పుస్తకం ఉంది. క్రీడాభిరామము. వినుకొండ వల్లభరాయుడి పేర ఉంది, శ్రీనాథుడిదన్నవాళ్లూ ఉన్నారు. వేటూరి ప్రభాకరశాస్త్రి దాన్ని పరిష్కరించి అచ్చు వేయించారు. గోవింద మంచనశర్మ అనే రసిక బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వర్తకుడు, ఇద్దరు మిత్రులు పొద్దున మొదలుపెట్టి ఓరుగల్లులో తిరుగుతారు. బయటి మైలసంత, కోళ్ల పందేలు, పొట్టేళ్ల పోట్లాట, పలనాటి వీరుల కథ పాడే ఆమె, పూటకూళ్ల ఇల్లు, మాచల్దేవి ఇంటి బొమ్మలు, ఏదీ వదలరు. రాజమార్గంలో ఏనుగులూ గుర్రాలూ బండ్లూ భటులతో రద్దీగా ఉంది కాబట్టి వేశవాటిక మీదుగా పోదామంటాడు మంచనశర్మ. ట్రాఫిక్ వంక పెట్టి తనకు నచ్చిన వీధిలో పోయే మనిషి ఆ రోజుల్లోనూ ఉన్నాడన్నమాట. కాకతీయుల గుళ్ల మీద గుట్టలుగా పుస్తకాలొచ్చాయి. ఆ గుళ్ల చుట్టూ బతికిన మనుషులు ఇంత దగ్గరగా కనిపించేది మాత్రం ఈ చిన్న పుస్తకంలోనే. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాస్తూ దీన్ని అంతగా వాడుకున్నది ఊరికే కాదు. గోడ మీద పెట్టే బోర్డుల్లో రాజుల వంశవృక్షాలు ఆపేసి, ఈ ఇద్దరు మిత్రులు తిరిగిన ఊరిని నాలుగు ముక్కల్లో చెప్తే ఎంత బాగుంటుంది!

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడింది, కాకతీయుల ఆఖరి రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు, ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. తర్వాత ముసునూరి కాపయనాయకుడు తిరిగి గెలిచాడు, ఆ తర్వాత ఎందరో ఏలారు. ఎవరొచ్చినా గోడను పడగొట్టలేదు, అందరికీ పనికొచ్చింది. జనం మాత్రం లోపల ఉంటూనే ఉన్నారు. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని వాడలున్నాయి. ఇళ్లు, బడులు, గుళ్లు, మసీదులు, చేలు అన్నీ గోడల లోపలే.

ఈ మనుషుల్ని మరిచిపోయి వారసత్వం గురించి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. 2010లో సవరించిన చట్టం ప్రకారం కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. చట్టం మంచిదే. కానీ కొడుకు పెళ్లికి ఒక గది వేసుకుందామనుకున్నవాడికి ఆ గోడ శత్రువులాగే కనిపిస్తుంది. వాడికి గోడ వల్ల ఒక్క రూపాయి రాదు, నోటీసులు మాత్రం వస్తాయి. అలాంటప్పుడు గోడను కాపాడమని వాడికి చెప్పే ముఖం మనకెక్కడిది?

దానికి నాకు కనిపించే మార్గం ఈ నడకే. దీనికి కోట్లక్కర్లేదు. పథకాలు చూశాం. 2015లో కేంద్రం 12 వారసత్వ నగరాలతో హృదయ్ పథకం మొదలుపెట్టి అందులో వరంగల్‌ను చేర్చింది, 2019 మార్చితో అది ముగిసిపోయింది. మళ్లీ పథకం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. చేయాల్సింది పొదలు కొట్టించడం, రాళ్లు కదులుతున్న చోట తాడు కట్టడం, దారి చూపే గుర్తులు పెట్టడం, రెండు దర్వాజాల దగ్గర మంచినీళ్లూ మరుగుదొడ్లూ. కోటలో పుట్టిన పిల్లలకే నాలుగు వారాలు తర్ఫీదిచ్చి గైడ్లుగా పెట్టండి, సందర్శకులిచ్చే డబ్బు వాళ్ల చేతికే చేరనివ్వండి. తూర్పుకోటలో ఇంటి ముందు చాయ్ అమ్మే అమ్మకు మెట్లెక్కి దిగిన మనిషి గిరాకీ అవుతాడు. టైల్స్ వేయొద్దు, స్టీలు రెయిలింగులు వద్దు, రంగు లైట్లు అసలే వద్దు. సుందరీకరణ పేరుతో మనవాళ్లు చేసే విధ్వంసం మాలిక్ కాఫూర్ కూడా చేయలేదు.

ఇంగ్లండ్‌లో యార్క్ అనే పాత నగరం ఉంది. దాని గోడ పొడవు ఇంచుమించు మన రాతికోట అంతే, మూడున్నర కిలోమీటర్ల లోపు. 1800లో ఆ ఊరి పాలకులే గోడను కూల్చేద్దామని చూశారు, నిర్వహణ భారమన్నారు. జనం అడ్డుపడ్డారు. అక్కడక్కడా కొంత పోయినా చాలావరకు నిలిచింది. ఇవాళ దాని మీద టికెట్ లేకుండా ఎవరైనా నడవొచ్చు, ఆ ఊరికి పోయినవాడెవడూ గోడ ఎక్కకుండా రాడు. మన గోడకు ఆ పాటి చరిత్ర లేదా? 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాకు మనం పంపినవాటిలో ఈ తోరణాలూ ఉన్నాయి. చివరికి 2021లో గుర్తింపు దక్కింది పాలంపేటలోని రామప్ప గుడి ఒక్కదానికే. దక్కాల్సిందే, 1213 నాటి ఆ గుడి అంతటిదే. కానీ అప్పటినుంచీ బస్సులన్నీ పాలంపేట దారి పట్టాయి. బిరుదు వచ్చేదాకా మనింటి గోడను మనం చూడకూడదన్న నియమం ఏమైనా ఉందా?

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఒక ఆదివారం పెట్టుకోండి. ఎండాకాలం వద్దు, ఆ రాయి పెనంలా కాలుతుంది. పొద్దున ఆరున్నరకల్లా పడమటి దర్వాజా దగ్గర ఉండండి. లోపలికి వచ్చాక ఎడమ చేతి వైపు మెట్లెక్కితే, గుడి కుడి చేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా ఉత్తరం మీదుగా తూర్పుకు సాగొచ్చు. పైన నడవలేని చోట దిగి గోడ వెంట కింద నడవండి. వానాకాలపు పాచి మీద కాలు జారుతుంది, మంచి బూట్లు వేసుకోండి. నీళ్ల సీసా పట్టుకెళ్లండి, ఖాళీ సీసా వెనక్కి తెచ్చుకోండి. ఎవరింటి ముందైనా ఫొటో తీయాలంటే ముందు అడగండి. తోరణాలు ఆఖర్న చూసుకోవచ్చు, టికెట్ కౌంటర్ ఎక్కడికీ పోదు.