‘ఫిట్’ అన్న ముద్ర పడితే చాలదు

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతాలలో కువైట్‌తో ఏదో ఒక బంధం లేని వీధి అరుదు. మన ప్రాంతంలో విదేశీ ప్రయాణమంటే చాలామందికి విహారయాత్ర కాదు, బతుకుతెరువు. అందువల్ల పర్యాటకుల కోసం చెప్పే ఆరోగ్య జాగ్రత్తలు మనకు సగమే పనికివస్తాయి. మిగిలిన సగం గురించి ఆలోచించమని మిమ్మల్ని కోరుతున్నాను.

గల్ఫ్‌కు వెళ్లేవారందరూ ‘మెడికల్’ చేయించుకుంటారు. ఛాతీ ఎక్స్‌రే, హెచ్ఐవీ, కామెర్లకు సంబంధించిన పరీక్షలు అందులో ముఖ్యమైనవి. క్షయ వంటి అంటువ్యాధులు తమ దేశంలోకి రాకుండా చూసుకోవడం ఆ పరీక్షల ప్రధాన ఉద్దేశం. అంటే ఆ పరీక్ష కోరుకొనేది ఆ దేశపు క్షేమం, యజమాని క్షేమం. అందులో తప్పు లేదు. కాని ‘ఫిట్’ అని రాగానే తమ ఆరోగ్యానికి హామీ దొరికిందని మనవాళ్లు భావించడం పొరపాటు. వీసాకూ ఏజెంటుకూ అప్పు చేసి మరీ ఖర్చు పెట్టే కుటుంబం, తమ వైద్యునితో పావుగంట మాట్లాడకుండానే మనిషిని విమానం ఎక్కిస్తున్నది. ఇది మారాలని నా అభిప్రాయం.

మొదటి శత్రువు ఎండ. “రాజంపేట ఎండలో పుట్టిపెరిగినవాళ్లం, ఆ ఎండ మనకొక లెక్కా?” అనే మాట తరచుగా వినబడుతుంది. 2016 జూలైలో కువైట్‌లోని మిత్రిబా వద్ద 53.9 డిగ్రీల సెల్సియస్ నమోదయింది. దానిని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. మన ఎండలు దాని దరిదాపులకు కూడా పోవు. పైగా ఎండకు అలవాటుపడడం శాశ్వతమైన గుణం కాదు. కొత్త వేడికి శరీరం సర్దుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. నెలరోజులు దూరంగా ఉంటే ఆ అలవాటు చాలావరకు పోతుంది. కాబట్టి సెలవుపై వచ్చి తిరిగి వెళ్లే పాతవారు కూడా మొదటి వారం కొత్తవారితో సమానమే.

కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 గంటల నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని చేయించడం నిషేధం. ఈ సంగతి వెళ్లే ప్రతి కూలికీ తెలిసి ఉండాలి. ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీరు తాగాలి. తోటివాడు తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటిమీద నీళ్లు పోసి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీరు పోయరాదు. అంబులెన్సు కోసం 112కు ఫోను చేయాలి. అది వచ్చేలోపల శరీరాన్ని చల్లబరచడమే ప్రాణం నిలిపే వైద్యం.

ఇళ్లలో పనికి వెళ్లే మన అక్కచెల్లెళ్ల ఇబ్బంది వేరు. పని మధ్యలో మరుగుదొడ్డికి వెళ్లడానికి మొగమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, చలిజ్వరం, మూత్రపిండాలలో రాళ్లు అక్కడినుంచే మొదలవుతాయి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీరు చాలడం లేదని అర్థం. ఈ గుర్తుకు ఏ పరీక్షా అక్కరలేదు.

రెండవది మందుల సంగతి. బీపీ, చక్కెర వ్యాధి ఉన్నవారు ఊరు మారగానే మాత్రలు ఆపేయడం సాధారణంగా జరుగుతున్నది. అక్కడ కంపెనీ పేర్లు వేరుగా ఉంటాయి. చీటీలో మందు అసలు పేరు రాయించుకుంటే అదే మందు అక్కడా దొరుకుతుంది. ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందులు, నిద్రమాత్రల వంటి వాటిపై గల్ఫ్ దేశాలలో కఠినమైన ఆంక్షలున్నాయి. అటువంటివి మీకు తప్పనిసరి అయితే, అనుమతి సంగతి ముందుగా తెలుసుకోనిదే తీసుకుపోవద్దు. “మావాడికి ఈ మాత్రలు ఇవ్వన్నా” అని బంధువులు ఇచ్చే పొట్లాన్ని మొగమాటం లేకుండా నిరాకరించండి. అందులో ఏముందో మీకు తెలియదు, పట్టుబడితే జైలుకు వెళ్లేది మీరు.

మూడవది టీకాలు. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ధనుర్వాతం టీకాల గురించి వైద్యుణ్ణి అడగండి. హజ్‌కు వెళ్లే పెద్దలకు మెదడువాపు రాకుండా మెనింజోకాకల్ టీకా తప్పనిసరి. అది కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. 2024 హజ్ కాలంలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది; ఎండ తీవ్రత అందుకు పెద్ద కారణం. కాబట్టి గొడుగు, నీటిసీసా కూడా టీకా అంత ముఖ్యమే. ఆఫ్రికాలోని అనేక దేశాలకు వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అవసరమవుతుంది.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆదుకొనేది ఓఆర్ఎస్. నాలుగు పొట్లాలు పెట్టెలో వేసుకోండి. అవి లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు మట్టంగా కొలిచి కలిపితే చాలు.

ఇన్ని జాగ్రత్తలకు కావలసింది నెల రోజుల వ్యవధి మాత్రమే. వీసా చేతికి రాగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ, చక్కెర చూపించుకోండి. అక్కడ ఆ పరీక్షలు ఉచితం. మీ జబ్బులు, మందుల పేర్లు, రక్తపు గ్రూపు ఒక కాగితం మీద రాయించుకొని పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోండి. నకలు ఒకటి ఇంట్లో ఇవ్వండి. ఇంటి అప్పు తీరాలన్నా, పిల్లల చదువు సాగాలన్నా ఆధారం మీ ఒంట్లోని సత్తువే. ఆ సత్తువను పరీక్షించేవారు చాలామంది ఉన్నారు. కాపాడుకోవలసినవారు మాత్రం మీరే.